గుట్టు ఎవరిది? రట్టు ఎవరికి?

'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మన తెలుగునాట ఉండదేమో. మొగుడు కొట్టాడని పుట్టింట్లో చెప్పబోతే ఈ సామెతే అడ్డొస్తుంది. ఇంటికొచ్చిన బంధువు చేతులు ఎక్కడెక్కడికో పోతున్నాయని తల్లితో అనబోతే ఈ సామెతే నోరు నొక్కేస్తుంది. కాస్త నిలబడి ఆలోచిస్తే ఇందులో ఎంత మోసం ఉందో తెలుస్తుంది. లంకకు చేటు వచ్చింది పరాయి స్త్రీని ఎత్తుకొచ్చి బంధించినందుకు. సామెత ఆ ఊసే ఎత్తదు. నేరమంతా నోరు విప్పిన విభీషణుడి మీదికి తోసేస్తుంది. తప్పు చేసినవాడు తెర వెనక్కి తప్పుకుంటాడు, తప్పు జరిగిందని చెప్పినవాడు బోనులో నిలబడతాడు.

మన రచయిత్రులకు ఇది కొత్త విషయం కాదు. 1980లలో స్త్రీలు తమ శరీరాల గురించి, పడకగదుల గురించి కవిత్వం రాస్తే వాటిని 'నీలి కవితలు' అన్నారు. ఆ నిందనే పేరులో నిలుపుకొని 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. అంతకుముందు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు తమ త్యాగాలతో పాటు తమకు తగిలిన దెబ్బల గురించీ మాట్లాడారు. ఇల్లయినా, సాహిత్యమైనా, ఉద్యమమైనా లోపాన్ని బయటపెట్టిన స్త్రీకి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: 'ఇది బయట చెప్పుకునే మాటేనా?'

సరిగ్గా ఇదే ప్రశ్న చుట్టూ కంప్యూటర్ భద్రత నిపుణులు ఏళ్ళ తరబడి కొట్లాడుకుంటున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మేముండేది జీడిమెట్లలో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ప్రపంచానికి హైదరాబాద్ అంటే ఆ గాజు మేడే. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడినప్పుడు మా జీడిమెట్ల కూడా దాని కిందికే వచ్చింది. పోలీస్ స్టేషన్ బోర్డు మీద 'సైబర్' అన్న మాట చేరింది తప్ప, గాలిలో మందుల ఫ్యాక్టరీల వాసన ఏమీ మారలేదు. చింతల్, షాపూర్‌నగర్ సందుల్లోంచి షిఫ్టులకు పోయే ఆడవాళ్ళ నడకా మారలేదు.

మా అన్నయ్య కొడుకు మాత్రం రోజూ ఆ గాజు మేడల వైపు పోతాడు. బ్యాంకుల, ఆసుపత్రుల కంప్యూటర్లలోకి వాళ్ళ అనుమతితోనే దొంగలా దూరి, కన్నం ఎక్కడుందో రాసి ఇవ్వడం వాడి ఉద్యోగం. ఆదివారం వాడి స్నేహితులు వస్తే మా ముందుగది సంతే. నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. 'నీ పాస్‌వర్డ్ మీ కుక్క పేరేగా' అని ఒకడు, 'ఎవరో రాసిన ప్రోగ్రాం తెచ్చి మీట నొక్కడం కూడా ఓ విద్యేనా' అని ఇంకొకడు. మంచి హ్యాకర్లని తెల్లటోపీలనీ చెడ్డవాళ్ళని నల్లటోపీలనీ అంటారట. పాత అమెరికన్ కౌబాయ్ సినిమాల్లో హీరోకి తెల్లది, విలన్‌కి నల్లది పెట్టేవాళ్ళు, అక్కడినుంచి వచ్చిన మాట. 'మన భాషలో ఏ రంగుదైనా సరే, టోపీ పెట్టేవాడు మోసగాడే కదరా' అన్నాను. ఆ రోజంతా వాళ్ళ మధ్య అదే హాస్యం.

హాస్యం ముదిరి వాదనయ్యేది ఒక్క విషయం దగ్గరే. ఒక కంపెనీ ప్రోగ్రాంలో కన్నం కనబడింది. కంపెనీకి చెప్తే పలకదు. అప్పుడు లోకానికి చెప్పాలా, వద్దా? చెప్తే దొంగలకు దారి చూపించినట్టని ఇద్దరు, చెప్పకపోతే దొంగతో కలిసి కాపలా కాసినట్టని ఇద్దరు. 'అత్తా, నువ్వు చరిత్ర చదివినదానివి కదా, నువ్వు చెప్పు' అన్నాడు మావాడు. చెప్పడానికి నేను చదవాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

ఈ తగాదా కంప్యూటర్ల కంటే పాతది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చాడు. ఎవరూ తీయలేరని పేరుపడ్డ చబ్ తాళాన్ని అరగంట లోపే తీసేశాడు. తెరిచినవాళ్ళకు 200 గినీలిస్తామని బ్రామా కంపెనీ అరవై ఏళ్ళుగా దుకాణం కిటికీలో పెట్టిన తాళాన్ని పదహారు రోజుల్లో, 51 గంటల పాటు శ్రమించి తెరిచాడు. ఇంగ్లండు గగ్గోలు పెట్టింది. తాళాల లోపాలు ఇలా బజార్లో పెడితే ఎలా అని పెద్దమనుషులు బాధపడ్డారు. రెండేళ్ళ తర్వాత చార్లెస్ టామ్లిన్‌సన్ తాళాల మీద వెలువరించిన పుస్తకంలో దానికి జవాబుంది. దొంగలు తమ విద్యలో మనకంటే ముందే ఉంటారు, తాళం బలహీనమైందని తెలియనిది దాన్ని నమ్ముకున్న ఇంటివాళ్ళకే అన్నది దాని సారాంశం. 1990లలో కంప్యూటర్ నిపుణులు కూడా ఈ మాటే అన్నారు. కంపెనీలకు చెవిలో చెప్తే ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు కాబట్టి బయటపెట్టడం మొదలుపెట్టారు. తర్వాత మధ్యేమార్గం పుట్టింది: ముందు యజమానికి చెప్పు, బాగు చేసుకోవడానికి గడువివ్వు, ఆ తర్వాత లోకానికి చెప్పు.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ యజమాని ప్రభుత్వమైతే? వినడానికే ఒప్పుకోకపోతే? దీనికి జవాబు వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. మా నగరంలోనే ఉంది.

మనం ఓటేసే యంత్రాలను తయారుచేసేది రెండే ప్రభుత్వ సంస్థలు. ఒకటి బెంగళూరులోని బి.ఇ.ఎల్., రెండోది 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఇ.సి.ఐ.ఎల్. 1982లో కేరళలోని పరూరులో కొన్ని బూత్‌లలో మొదలైన ఈ యంత్రాలు 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా వచ్చాయి. 2009 ఎన్నికల తర్వాత వీటి మీద అనుమానాలు పెరిగాయి. హైదరాబాద్‌లో నెటిండియా అనే సంస్థ నడిపే ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, ఆయన సహచరులు యంత్రంలోని లోపాలు చూపిస్తామన్నారు. ఎన్నికల సంఘం పిలిచింది. తీరా పరీక్ష మొదలయ్యాక, యంత్రం విప్పితే తయారీదారు మేధోసంపత్తి హక్కులకు భంగమని ఆపేశారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి గురించి వాకబు చేయబోతే 'మా వంశం గురించి అడుగుతారా' అని కోప్పడ్డట్టుంది ఈ వరస.

2010లో పేరు చెప్పని ఒక వ్యక్తి ద్వారా వాళ్ళ చేతికి ఒక అసలు యంత్రం వచ్చింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన హ్యాకర్ రాప్ గాంగ్రైప్ వాళ్ళతో చేరారు. లెక్కింపు అంకెలు చూపించే పలకను తీసి, అచ్చం అలాగే ఉండే ఇంకో పలకను పెట్టి, సెల్‌ఫోన్‌తో ఆ అంకెలను మార్చవచ్చని చూపించారు. పోలింగుకూ లెక్కింపుకూ మధ్య చిన్న పరికరాన్ని తగిలించి ఓట్లనే మార్చవచ్చని ఇంకో దాడిలో చూపించారు. ఆ ఏప్రిల్‌లో వీడియోతో సహా బయటపెట్టారు. అక్టోబరులో షికాగోలో ఒక సదస్సుకు సమర్పించిన పరిశోధన పత్రం మీద ఎనిమిది పేర్లున్నాయి. ఒక్క విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఫలానా ఎన్నికలో మోసం జరిగిందని వాళ్ళు రుజువు చేయలేదు. యంత్రం చేతికి దొరికితే ఏం చేయవచ్చో మాత్రమే రుజువు చేశారు. చేతికి దొరకనివ్వం, సీళ్ళున్నాయి, కాపలా ఉంది అన్నది ఎన్నికల సంఘం జవాబు. ఇది వాదించుకోదగ్గ వాదనే.

వాదన మాత్రం జరగలేదు. 2010 ఆగస్టు 21 తెల్లవారుజామున ముంబై పోలీసులు హైదరాబాద్ వచ్చి హరిప్రసాద్‌ను ఇంటినుంచి తీసుకుపోయారు. యంత్రం ముంబైలోని ప్రభుత్వ గిడ్డంగి నుంచి పోయింది కాబట్టి దొంగతనం కేసు. ఎవరిచ్చారో చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. వారం రోజుల తర్వాత బెయిలు దొరికింది. యంత్రం ఎలా పోయిందన్నది అడగాల్సిన ప్రశ్నే, కాదనను. అయితే గిడ్డంగిలోంచి యంత్రం పోవడమే 'చేతికి దొరకనివ్వం' అన్న జవాబును సగం కూల్చేసిందని ఎంతమంది గుర్తించారు? లోపం ఏమిటన్న ప్రశ్న మూలపడింది, చెప్పిందెవరన్న ప్రశ్నే మిగిలింది. లంక సామెత మళ్ళీ గెలిచింది.

ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఇచ్చే పయనీర్ పురస్కారం హరిప్రసాద్‌కు వచ్చింది. అదే ఏడు దాన్ని అందుకున్న మరొకరు పమేలా జోన్స్. సాఫ్ట్‌వేర్ కేసుల మీద 'గ్రోక్‌లా' నడిపిన మనిషి. 2013లో తన ఉత్తరాలు పరాయివాళ్ళు చదివే వీలుందని తెలిసినప్పుడు ఆమె గ్రోక్‌లా ఆపేసింది. ఆపేస్తూ, ఒకప్పుడు తన ఇంట్లో దొంగలు పడి లోదుస్తుల అర కూడా కెలికి పోయారని, ఆ ఇంట్లో ఇక ఉండలేకపోయానని గుర్తు చేసుకుంది. గోప్యత అంటే ఏమిటో మా ముందుగది వాదనల్లో నేను విన్న దేనికన్నా ఆ ఒక్క జ్ఞాపకం నాకు బాగా చెప్పింది.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. ఓటు యంత్రాల కథ చెప్పేటప్పుడు మావాడి బృందం తలచుకునేది హ్యాకర్ వీరులనే. స్త్రీలెక్కడ? వెతికితే కుప్పలుగా దొరికారు. ఓటరు తన ఓటును అద్దం వెనక కాగితం మీద చూసుకోవాలి, ముట్టుకోకూడదు, ఆ కాగితం పెట్టెలో పడాలి అన్న పద్ధతిని 1990లలోనే ప్రతిపాదించింది రెబెకా మెర్క్యూరి అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. 2013లో నాగాలాండ్‌లోని నోక్‌సెన్ ఉప ఎన్నికతో మన దేశంలోకి వచ్చిన వి.వి.ప్యాట్ ఆ కోవకు చెందిందే. ఆ ఏడాది అక్టోబరు 8న సుప్రీంకోర్టు కాగితపు జాడ తప్పనిసరి అంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని బూత్‌లలోనూ అది ఉంది. ఇప్పుడు మనం ఓటేశాక ఏడు సెకన్లు ఆ అద్దంలోంచి చీటీ చూస్తున్నాం కదా, ఆ చూపు వెనక ఒక స్త్రీ ఆలోచన ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

బెవ్ హారిస్ వృత్తిరీత్యా పుస్తకాల ప్రచారం చేసే మనిషి, కంప్యూటర్ ఇంజనీరు కాదు. 2003లో ఒక పెద్ద అమెరికన్ ఓటు యంత్రాల కంపెనీ రహస్య ప్రోగ్రాం ఫైళ్ళు ఇంటర్‌నెట్‌లో తలుపులు బార్లా తీసి ఉండడం కనిపెట్టింది ఆమే. ఆ తర్వాతే విశ్వవిద్యాలయాల వాళ్ళు ఆ ప్రోగ్రాంను పరీక్షించి ఎంత బలహీనమో చెప్పగలిగారు. బార్బరా సైమన్స్ అమెరికన్ కంప్యూటర్ నిపుణుల సంఘానికి అధ్యక్షురాలిగా చేసినావిడ. అక్కడి ప్రముఖ మహిళా సంస్థ లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ మొదట్లో కాగితం లేని యంత్రాలను సమర్థించింది. వికలాంగులు ఎవరి సాయం లేకుండా ఓటేసుకోగలుగుతారన్నది దాని వాదన. అది మంచి వాదనే. సైమన్స్ లాంటి సభ్యులు సంస్థ లోపలే పోరాడారు. 2004లో లీగ్ తన వైఖరి మార్చుకుంది. 'మనవాళ్ళే కదా, బయట ఎందుకు' అనుకోకుండా తమ సంస్థతోనే తగాదా పెట్టుకోవడం ఎంత కష్టమో ఉద్యమాల్లో పనిచేసిన మనకు తెలియనిదా!

2009 మార్చి 3న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఎన్నిక సవ్యంగా జరిగిందా లేదా అన్నది ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరులు కూడా సరిచూసుకోగలగాలి అన్నది దాని సారం. అక్కడ వాడిన యంత్రాలు ఆ పరీక్షలో నెగ్గలేదు. మన సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న వేరే దారి పట్టింది. అన్ని చీటీలూ లెక్కించాలన్న కోరికనూ, పాత బ్యాలెట్‌కు వెళ్ళాలన్న కోరికనూ తోసిపుచ్చింది. అయితే ఓడిన అభ్యర్థులు కోరితే కొన్ని యంత్రాల చిప్పులను పరీక్షించే వీలు కల్పించింది. పధ్నాలుగేళ్ళ కింద 'విప్పకూడదు' అన్న యంత్రాన్ని పరీక్షకు పెట్టవచ్చని, కొద్దిగానైనా, ఒప్పుకున్నట్టే కదా.

మా ముందుగదికి తిరిగొస్తాను. ఈ రంగపు భాషలో స్త్రీ ఎక్కడ కనిపిస్తుందో చూడండి. రహస్య లిపుల పాఠాల్లో 1978 నుంచి ఆలిస్, బాబ్ అనే ఇద్దరు ఉత్తరాలు రాసుకుంటారు. ఆ తర్వాత వచ్చి చాటునుండి వినే దొంగ చెవికి 'ఈవ్' అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ మాటల పోలికే కారణమైనా, పాపం మొదలుపెట్టిందని బైబిలు కాలం నుంచి తిట్లు తింటున్న ఆవిడే ఇక్కడా దొంగయింది! ఇంకో మాట 'దుష్ట పనిమనిషి దాడి'. హోటల్ గదిలో కంప్యూటర్ వదిలి వెళ్తే, గది తుడవడానికొచ్చిన మనిషి దాన్ని రెండు నిమిషాల్లో పాడుచేయవచ్చన్నది దాని అర్థం. 2009లో ఈ పేరు పెట్టింది జోఆన్నా రుట్‌కోవ్‌స్కా అనే పోలండ్ నిపుణురాలు, చాలా గొప్ప పని చేసిన మనిషి. ఆమె ఎవరినీ కించపరచాలనుకోలేదు. అయినా ఆ మాటలో వర్గం ఎంత సహజంగా వచ్చి కూర్చుందో చూడండి. 'హోటల్ యజమాని దాడి' అని ఎందుకు తట్టలేదు?

ఆ మాట మీద నవ్వులు సాగుతున్నప్పుడు వాళ్ళలోని అమ్మాయి అడిగింది: 'ఆంటీ, మా గేటెడ్ కమ్యూనిటీలో పనివాళ్ళకి వేరే లిఫ్టు ఉంది, పోయేటప్పుడు సంచులు వెతుకుతారు. మేం ఆఫీసులో నవ్వుకునే జోకు అక్కడ రూలు.' గది కాసేపు నిశ్శబ్దమైంది. హరిప్రసాద్ బృందం చూపించిన దాడి కూడా ఇదే జాతిది, యంత్రంతో కాసేపు ఒంటరిగా గడిపిన చేతులు చేసేది. కానీ అక్కడ అనుమానించాల్సింది అధికారం దగ్గరున్న చేతులను. మన అనుమానం ఎప్పుడూ కిందికే ఎందుకు ప్రవహిస్తుంది?

ఇక రట్టు చేయడంలోనూ రెండు రకాలున్నాయి. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ తేడాయే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది ఆధార్ వివరాలు, కులం, మతంతో సహా ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆ జూన్‌లో ప్రభుత్వ మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో, పేరు, ఫోను నంబరుతో సహా ఇలాగే బయట కనిపించింది. 2019 మార్చిలో ఉత్తరాది రాష్ట్రమొకదాని ఆరోగ్య శాఖ సర్వర్‌లో కోటీ పాతిక లక్షలకు పైగా గర్భిణుల వైద్య రికార్డులు తాళం లేకుండా దొరికాయి. దాన్ని కనిపెట్టిన విదేశీ పరిశోధకుడు ఆ రికార్డులు తొలగించేదాకా ఎవరికీ చెప్పలేదు. ఏ అమ్మాయి ఏ మాత్ర కొన్నదో, ఎవరికి ఎన్నో నెలో, ఏ వీధిలో ఏ మతం వాళ్ళున్నారో, ఇవి బయటపడితే ఈ దేశంలో ఏం జరుగుతుందో వివరించనక్కర్లేదు. తాళంలోని లోపాన్ని చెప్పినవాడు నేరస్థుడవుతాడు, తాళమే వేయకుండా మన గుట్టు వీధిలో ఆరబెట్టినది మాత్రం 'సాంకేతిక పొరపాటు' అవుతుంది!

2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో సుమారు వందమంది ముస్లిం స్త్రీల ఫోటోలను వేలం పెట్టినట్టు ఇంటర్‌నెట్‌లో పెట్టారు. అంతకు ఆరు నెలల ముందు 'సుల్లీ డీల్స్' పేరుతో ఇదే జరిగింది. మా నగరపు సామాజిక కార్యకర్త, అరవై ఏళ్ళు దాటిన ఖాలిదా పర్వీన్ ఫోటో కూడా ఆ వేలంలో ఉంది. అరెస్టయిన వాళ్ళలో ఇరవై ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి కూడా ఉంది. అక్కడ ఏ తాళమూ పగలలేదు, ఫోటోలు ఆ స్త్రీలు తామే పెట్టుకున్నవి. పగిలింది నోరున్న ఆడవాళ్ళు నిశ్చింతగా బయట తిరగగలిగే హక్కు. దాన్నీ కొందరు 'సరదా' అన్నారు. కుర్రకారు హాస్యం, పిచ్చి పనులు అన్నారు. తమ విద్య చూపించుకోవాలన్న ఉబలాటానికీ ఆడదాన్ని ఆటబొమ్మ చేయడానికీ మధ్య గీత ఎక్కడుందో గీయాల్సింది ఆ నవ్వుల గదుల్లో కూర్చున్నవాళ్ళే.

మావాడు అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఇది. గుట్టు ఎవరిదో ముందు చూడు. బలమున్నవాళ్ళు కట్టిన వ్యవస్థలోని లోపమైతే, దాన్ని నమ్ముకుని బతికేవాళ్ళకు తెలిసే హక్కుంది. గడువివ్వు, వినకపోతే చెప్పు. ఆ వ్యవస్థ కింద బతికే మనుషుల గుట్టయితే, అది నీది కాదు. నీకెంత సులువుగా దొరికినా నీది కాదు. నీ తెలివికి అది ఆధారం కూడా కాదు. వాడు ఒప్పుకున్నాడని చెప్పలేను. 'రెండూ ఒకే కన్నంలోంచి బయటికొస్తే, అత్తా?' అన్నాడు. మంచి ప్రశ్నే. గర్భిణుల రికార్డులు తొలగించేదాకా నోరు కట్టుకున్న ఆ పరిశోధకుడి పనిలో దానికి సగం జవాబుంది.

మిగతా సగం మనం రాయాలి. ఓటు, రేషన్ కార్డు, ప్రసవం, జీతం అన్నీ యంత్రాల్లోకి ఎక్కిన కాలమిది. ఈ వాదనలు మనకు తెలియని భాషలో, మనం లేని గదుల్లో జరుగుతున్నాయి. ఏది ఇంటి పరువు, ఏది ఇంటి నేరం అన్న తేడాను నాలుగు దశాబ్దాలుగా కవితల్లో, కథల్లో, కోర్టుల్లో తేల్చుకుంటూ వచ్చిన మనకు ఆ గదుల్లో చెప్పాల్సింది చాలా ఉంది. లంక సామెతను మన ఇళ్ళల్లోంచి పూర్తిగా వెళ్ళగొట్టలేకపోయాం. కనీసం యంత్రాల్లోకి ఎక్కకుండా చూద్దాం.